బొల్లారం రైలుకే పదేళ్లు.. మరి ఫ్లైఓవర్, మెట్రోల సంగతేంటి? ఎంఎంటీఎస్ చెప్పిన పాఠం ఇదే!

సికింద్రాబాద్ నుంచి బొల్లారం 14 కిలోమీటర్లు. అక్కడి నుంచి మేడ్చల్ మరో 14 కిలోమీటర్లు. మొత్తం 28. ఎంఎంటీఎస్ రెండో దశలో భాగంగా ఈ లైన్‌కు 2012-13లో అనుమతి వచ్చింది. మేడ్చల్ రూట్‌లో ఎంఎంటీఎస్‌కు ప్రధాని మోదీ పచ్చజెండా ఊపింది 2023 ఏప్రిల్ 8న. అంటే పదేళ్లు దాటింది. మంజూరైన రోజు ఒకటో తరగతిలో చేరిన పిల్లాడు, రైలు వచ్చే సరికి ఇంటర్‌లో ఉన్నాడన్నమాట.

ఇప్పుడు ఇదే బొల్లారం మీదుగా మరో రెండు భారీ ప్రాజెక్టులు ప్లాన్‌లో ఉన్నాయి. ఒకటి జేబీఎస్ నుంచి శామీర్‌పేట వైపు ఎలివేటెడ్ కారిడార్. రెండోది అదే రూట్‌లో మెట్రో. ఈ రెండూ కాగితం మీద బాగానే ఉన్నాయి. కానీ అసలు ప్రశ్న వేరే. మధ్యలో డబ్బు ఆగితే, భూమి దొరక్కపోతే, డిజైన్ మారితే.. టీమ్‌ను నడిపించేది ఎవరు? మారిన పరిస్థితికి తగ్గట్టు ప్లాన్ మార్చే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది?

మేనేజ్‌మెంట్ క్లాసుల్లో దీన్ని అడాప్టివ్ లీడర్‌షిప్ అంటారు. పేరు పెద్దదే కానీ విషయం సింపుల్. అదేంటో బొల్లారం రైలు కథతోనే చూద్దాం.

అసలేం జరిగింది?

ముందు మొదటి దశ గురించి రెండు మాటలు. హైదరాబాద్, సికింద్రాబాద్, లింగంపల్లిలను కలుపుతూ 2003 ఆగస్టు 9న ఎంఎంటీఎస్ మొదలైంది. అప్పటి ఉప ప్రధాని ఎల్‌కే ఆద్వానీ ప్రారంభించారు. రైల్వే సగం, రాష్ట్రం సగం ఖర్చు పెట్టుకున్నాయి. ఉన్న ట్రాకులనే బాగు చేసి, స్టేషన్లు కట్టి, రైళ్లు నడిపారు. పని సాఫీగా సాగింది.

రెండో దశ వచ్చేసరికి లెక్క మారింది. ఖర్చులో మూడింట రెండొంతులు రాష్ట్రానిది, ఒక వంతు రైల్వేది. మొదటి అంచనా సుమారు రూ.816 కోట్లు. పని చేసేది రైల్వే సంస్థ ఆర్‌వీఎన్‌ఎల్. ప్రాజెక్టులో ముక్కలు ఇవీ:

* సికింద్రాబాద్ – బొల్లారం: 14 కి.మీ. విద్యుదీకరణ
* బొల్లారం – మేడ్చల్: 14 కి.మీ. డబ్లింగ్, విద్యుదీకరణ
* ఫలక్‌నుమా – ఉందానగర్ – ఎయిర్‌పోర్ట్: సుమారు 20 కి.మీ.
* మౌలాలి – ఘట్‌కేసర్: అదనపు లైన్లు
* సనత్‌నగర్ – మౌలాలి బైపాస్: 22 కి.మీ. డబ్లింగ్, విద్యుదీకరణ
* తెల్లాపూర్ – రామచంద్రాపురం: చిన్న ముక్క

జాబితా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. బొల్లారం ఈ లైన్‌కు కీలు లాంటిది. బొల్లారానికి ఇవతల రెండు ట్రాకులు ముందే ఉన్నాయి, కరెంట్ తీగలు వేస్తే చాలు. బొల్లారం దాటితే రెండో ట్రాక్ కూడా కొత్తగా వేయాలి. ఒకే రూట్, కానీ రెండు రకాల పని. రెండు రకాల టీమ్‌లు, రెండు రకాల చిక్కులు.

ఎక్కడ ఆగింది?

మూడు చోట్ల.

ఒకటి, డబ్బు. రాష్ట్రం తన వాటా టైమ్‌కు ఇవ్వలేదని, తమ వాటాకు మించి ఖర్చు పెట్టామని రైల్వే, కేంద్ర మంత్రులు పదే పదే చెప్పారు. ఏళ్ల తరబడి ఇదే గొడవ. ఈలోగా ఖర్చు రూ.1,100 కోట్లు దాటింది.

రెండు, భూమి. సనత్‌నగర్ – మౌలాలి లైన్ మధ్యలో కొంత దూరం రక్షణ శాఖ స్థలాల మీదుగా పోతుంది. అక్కడ పని చేయాలంటే ఆర్మీ అనుమతి కావాలి. ఇటు పక్క పని అయిపోయింది, అటు పక్క పని అయిపోయింది, మధ్యలో కొన్ని కిలోమీటర్ల దగ్గర బండి ఆగిపోయింది.

మూడు, ఎయిర్‌పోర్ట్. ఉందానగర్ నుంచి విమానాశ్రయం లోపలికి లైన్ వేయాలన్నది మొదటి ప్లాన్. ఎయిర్‌పోర్ట్ నిర్వాహక సంస్థ ఒప్పుకోలేదు. దాంతో లైన్ ఉందానగర్‌తోనే ఆగింది.

గమనించండి. ఈ మూడింట్లో ఒక్కటి కూడా ఇంజినీరింగ్ సమస్య కాదు. తీగలు లాగడం మనవాళ్లకు కొత్త కాదు. ట్రాక్ వేయడం అసలే కాదు.

ఇక్కడే అడాప్టివ్ లీడర్‌షిప్

హార్వర్డ్ కెనెడీ స్కూల్‌లో పాఠాలు చెప్పిన రోనాల్డ్ హైఫెట్జ్ 1994లో తెచ్చిన పుస్తకంలో ఒక తేడా చూపించారు. కొన్ని సమస్యలు టెక్నికల్. నిపుణుడు వస్తాడు, రిపేర్ చేస్తాడు, అయిపోతుంది. కొన్ని అలా కాదు. వాటికి రెడీమేడ్ జవాబు ఉండదు. సంబంధం ఉన్న అందరూ తమ పద్ధతి కొంత మార్చుకుంటేనే అవి తెగుతాయి. రెండో రకాన్ని మొదటి రకం అనుకుని పని చేయడమే చాలా మంది లీడర్లు చేసే తప్పు అంటారాయన.

మన ఎంఎంటీఎస్‌కు సరిగ్గా అదే అతికింది. ట్రాక్ పని టెక్నికల్. వాటాల పంచాయితీ, ఆర్మీ భూమి, ఎయిర్‌పోర్ట్ గేటు.. ఇవి రెండో రకం. సైట్‌లో ఇంజినీర్ ఎంత కష్టపడినా ఇవి తెగవు. ఎందుకంటే ఆ ఫైళ్లు ఆయన టేబుల్ మీద ఉండవు.

ప్రాజెక్టుల మీద బతికే రంగాలన్నింటిలో ఇంకో ఇబ్బంది ఉంది. రైల్వే లైన్ అయినా, సినిమా అయినా, సాఫ్ట్‌వేర్ అయినా, అపార్ట్‌మెంట్ అయినా ఇదే పరిస్థితి. ఆ టీమ్ టెంపరరీ. పని కోసం కలుస్తారు, పని అయ్యాక విడిపోతారు. ఎవరి బాస్ వాళ్లకు వేరే ఉంటాడు. ట్రాక్ వాళ్లు ఒక డిపార్ట్‌మెంట్, కరెంట్ వాళ్లు ఇంకో డిపార్ట్‌మెంట్, సిగ్నల్ వాళ్లు మరో డిపార్ట్‌మెంట్, రైళ్లు నడిపేవాళ్లు ఇంకొకరు, కాంట్రాక్టర్ బయటి మనిషి. చివర్లో రైల్వే సేఫ్టీ కమిషనర్ వచ్చి చూసి ఓకే అంటేనే ప్రయాణికుల రైలు కదులుతుంది.

పైగా ఇది నడుస్తున్న లైన్. బొల్లారం మీదుగా మేడ్చల్, కామారెడ్డి, నిజామాబాద్ వైపు రైళ్లు పోతూనే ఉంటాయి. స్తంభాలు నాటాలన్నా, తీగలు లాగాలన్నా రైళ్లు ఆపి కొద్ది గంటలు లైన్ ఇవ్వాలి. రైల్వే భాషలో బ్లాక్ అంటారు. ఆ బ్లాక్ దొరికిన రోజు క్రేన్ రాలేదంటే ఆ రోజు వేస్ట్. క్రేన్ వచ్చిన రోజు బ్లాక్ దొరక్కపోతే అదీ వేస్ట్. ఇలాంటి చోట టీమ్ పనితీరు అంటే ఒక్కొక్కరి టాలెంట్ కాదు. ఒకరి పని ఇంకొకరి పనితో టైమ్‌కు కలవడం.

మరి రైల్వే ఏం చేసింది?

ఇది చాలా మంది పట్టించుకోని పాయింట్. డబ్బు ఆగింది, భూమి ఆగింది. అయినా ప్రాజెక్టు మొత్తం ఆగలేదు. ముక్కలు ముక్కలుగా ముందుకు పోయింది.

ఏ ముక్క రెడీ అయితే ఆ ముక్కను విడిగా పూర్తి చేశారు. చిన్నదైన తెల్లాపూర్ – రామచంద్రాపురం ముందే పూర్తయింది. ఎయిర్‌పోర్ట్ కుదరదని తేలాక ఉందానగర్ వరకే కట్టి ఆ లైన్‌ను వాడకంలోకి తెచ్చారు. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ – మేడ్చల్, ఫలక్‌నుమా – ఉందానగర్ రూట్లు కలిపి 13 కొత్త ఎంఎంటీఎస్ సర్వీసులు మొదలయ్యాయి. భూమి చిక్కు తేలాక, 2024 మార్చి 5న సంగారెడ్డి సభ నుంచి ప్రధాని సనత్‌నగర్ – మౌలాలి లైన్‌ను ప్రారంభించారు. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి ఆ దారిలో ఎంఎంటీఎస్ కదిలింది. ఫిరోజ్‌గూడ, సుచిత్ర సెంటర్, భూదేవినగర్, అమ్ముగూడ, నేరేడ్‌మెట్, మౌలాలి హౌసింగ్ బోర్డు దగ్గర కొత్త స్టేషన్ బిల్డింగులు వచ్చాయి.

అన్నీ అయ్యాకే రిబ్బన్ కట్ చేద్దాం అని కూర్చుని ఉంటే? బొల్లారం వాళ్లు 2024 దాకా ఎదురుచూడాల్సి వచ్చేది. ముక్కలు చేయడం వల్ల దాదాపు ఏడాది ముందు రైలు ఎక్కారు. పరిస్థితికి తగ్గట్టు ప్లాన్ మార్చుకోవడం అంటే ఇదే.

కానీ ఇందులోనే ఇంకో కోణం ఉంది. ముక్కలు చేయడం వల్ల కట్టుబడి పూర్తవుతుంది, సర్వీసు పూర్తవదు. లైన్ రెడీ అయినంత మాత్రాన రైళ్లు ఆకాశం నుంచి ఊడిపడవు. రేకులు కొనాలి, లోకో పైలట్లు కావాలి, సికింద్రాబాద్‌లో ప్లాట్‌ఫాం ఖాళీ ఉండాలి. లింగంపల్లి రూట్‌తో పోలిస్తే మేడ్చల్ వైపు సర్వీసులు బాగా తక్కువ. ఒక రైలు మిస్సయితే తర్వాతి రైలు కోసం ఆగేకన్నా బస్సో ఆటోనో ఎక్కడమే నయం అనుకుంటారు జనం. అలా అనుకుంటే రైలు ఖాళీగా పోతుంది. ఖాళీగా పోతే, డిమాండ్ లేదు కదా, సర్వీసులు ఎందుకు పెంచాలి అనే వాదన వస్తుంది. ఇదొక విషవలయం.

సికింద్రాబాద్ స్టేషన్ సంగతి తెలిసిందే. పది ప్లాట్‌ఫాంలు. సుమారు రూ.720 కోట్లతో రీడెవలప్‌మెంట్‌కు అదే 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన చేశారు. పనుల కోసం 2025లో చాలా రైళ్లను ఇతర స్టేషన్లకు మళ్లించారు. భారం తగ్గించడానికే చర్లపల్లి టెర్మినల్ కట్టారు, 2025 జనవరి 6న మొదలైంది. ఇవన్నీ మంచివే. కానీ పెద్ద రైళ్ల మధ్య ఎంఎంటీఎస్‌కు దారి దొరకడం ఎప్పుడూ కష్టమే.

గేట్ల గొడవ ఇంకోటి. బొల్లారం, అల్వాల్ ప్రాంతంలో లెవెల్ క్రాసింగులు ఉన్నాయి. సర్వీసులు పెంచితే గేట్లు ఎక్కువ సార్లు పడతాయి. రైల్లో వెళ్లేవాడికి లాభం, బండి మీద వెళ్లేవాడికి నరకం. అండర్‌పాస్‌లు కడితేనే ఇద్దరికీ న్యాయం. రైళ్ల టైమ్‌టేబుల్ ఒకరిది, రోడ్డు ఇంకొకరిది. ఇద్దరినీ ఒక టేబుల్ దగ్గర కూర్చోబెట్టేది ఎవరు? మళ్లీ అదే ప్రశ్న.

మెట్రో ఏం నేర్పింది?

హైదరాబాద్ మెట్రోను చూడండి. మొదట 2008లో మేటాస్ కన్సార్షియానికి ఇచ్చారు. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో రద్దయింది. మళ్లీ టెండర్ పిలిచి 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో ఒప్పందం చేసుకున్నారు. రద్దీ రోడ్ల మధ్య కట్టాలి కాబట్టి పని పద్ధతే మార్చారు. వయాడక్ట్ ముక్కలను ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో పోతపోసి, తెచ్చి పిల్లర్ల మీద అమర్చారు. రోడ్డు మీద జరిగే పని తగ్గింది. 2017 నవంబరులో మొదటి లైన్, 2018లో ఎల్బీనగర్, 2019లో హైటెక్ సిటీ, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ – ఎంజీబీఎస్.. ఇలా ముక్కలుగానే 69 కిలోమీటర్లు వచ్చాయి.

ఇక్కడ ఒక తేడా ఉంది. ఎన్వీఎస్ రెడ్డి మెట్రో ఎండీగా 2025 సెప్టెంబరు వరకు, ఏళ్ల తరబడి కొనసాగారు. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రం విడిపోయింది, కానీ ఆ కుర్చీలో మనిషి మారలేదు. ఏ పిల్లర్ దగ్గర ఏ గొడవ ఉందో గుర్తున్న మనిషి ఉండటం టెంపరరీ టీమ్‌కు చాలా పెద్ద బలం.

అలాగని అంతా సక్సెస్ కాదు. రాష్ట్రం ఏర్పడ్డాక 2014లో అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ దగ్గర రూట్ మార్చాలన్నారు. అసెంబ్లీ, సుల్తాన్ బజార్ దగ్గర చివరికి పాత రూట్‌కే వచ్చారు. ఈలోగా విలువైన టైమ్ పోయింది. పాతబస్తీ ముక్క మొదటి దశలో పూర్తి కానేలేదు. ఖర్చు పెరిగి, అప్పుల భారం మోయలేక చివరికి ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి సిద్ధమైంది. 2025 సెప్టెంబరులో దాన్ని ప్రభుత్వమే తీసుకోవడానికి అంగీకారం కుదిరింది.

అందుకే ఒక గీత గీసుకోవాలి. కొత్త సమాచారం వచ్చినందుకు ప్లాన్ మారిస్తే అది సర్దుబాటు. పై కుర్చీలో మనిషి మారినందుకు ప్లాన్ మారిస్తే అది సర్దుబాటు కాదు, వెనక్కి నడవడం. బయటికి రెండూ మార్పులాగే కనిపిస్తాయి. బిల్లు మాత్రం వేరేగా వస్తుంది.

17 రోజుల్లో ఎలా కుదిరింది?

ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగం గుర్తుందా? 2023 నవంబరు 12న కూలింది. 41 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. ఒకే ప్లాన్‌ను నమ్ముకోలేదు. పై నుంచి, పక్క నుంచి, ఎదురు నుంచి.. ఒకేసారి పలు దారులు సిద్ధం చేశారు. ఆగర్ మెషీన్ లోపలే విరిగిపోయింది. అప్పుడు చేత్తో తవ్వే ర్యాట్ హోల్ మైనర్లను పిలిచారు. చివరి కొద్ది మీటర్లు వాళ్లే తవ్వారు. నవంబరు 28న 41 మందీ ప్రాణాలతో బయటికి వచ్చారు.

ఇదీ అన్నిసార్లూ పనిచేసే మంత్రం కాదు. 2025 ఫిబ్రవరి 22న మన నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలినప్పుడు ఆర్మీ, నేవీ, ఎన్‌డీఆర్‌ఎఫ్, సింగరేణి, ర్యాట్ హోల్ మైనర్లు అందరూ వచ్చారు. నీరు, బురద ముందు ఎవరి శక్తీ చాలలేదు. ఎనిమిది మందిలో ఒక్కరినీ కాపాడలేకపోయారు. టీమ్ ఎంత బాగున్నా ప్రకృతి ముందు కొన్నిసార్లు ఓడిపోతుంది.

కానీ సిల్క్యారాలో పనికొచ్చే పాయింట్ ఒకటుంది. అక్కడ రోడ్ల సంస్థ, చమురు సంస్థ, విద్యుత్ సంస్థ, ఆర్మీ, చేత్తో తవ్వే కూలీలు.. అందరూ ఒకే చోట, ఒకే లక్ష్యంతో ఉన్నారు. మెషీన్ విరిగిన రోజు "ఇది ఎవరి బడ్జెట్" అని ఫైలు తిరగలేదు. బొల్లారం లైన్‌లో ప్రాణాల మీదకు వచ్చిన సమస్య ఏదీ లేదు. అందుకే ఫైలు తాపీగా తిరిగింది. అర్జెంట్ కాని పనిని అర్జెంట్ పనిలా చేయించడమే ప్రాజెక్టు లీడర్‌కు అసలైన పరీక్ష.

ఇప్పుడు బొల్లారం ముందున్నది ఏంటి?

రాజీవ్ రహదారి మీద ఎలివేటెడ్ కారిడార్. సుమారు 18 కిలోమీటర్లు, రూ.2,232 కోట్ల అంచనా. రక్షణ శాఖ భూములకు 2024 మార్చిలో కేంద్రం ఓకే చెప్పింది. అదే నెల 7న సీఎం రేవంత్ రెడ్డి అల్వాల్‌లో శంకుస్థాపన చేశారు. హకీంపేట ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ రన్‌వే దగ్గర పైనుంచి పోవడం కుదరదు కాబట్టి అక్కడ కొంత దూరం భూగర్భంలోంచి వెళ్లేలా ప్లాన్ చేశారు. ఇది మంచి సర్దుబాటే. సమస్య ముందే తెలిసింది, డిజైన్‌లోనే తేల్చారు.

ఇక మెట్రో. జేబీఎస్ – శామీర్‌పేట 22 కిలోమీటర్లు, జేబీఎస్ – మేడ్చల్ 24.5 కిలోమీటర్లు. ఫ్యూచర్ సిటీ లైన్‌తో కలిపి మొత్తం 86.1 కిలోమీటర్ల ప్రతిపాదనను రాష్ట్రం 2025లో కేంద్రానికి పంపింది. కేంద్రం, రాష్ట్రం కలిసి కట్టే పద్ధతి. అంటే మళ్లీ వాటాల లెక్క. ఎంఎంటీఎస్ రెండో దశను ముంచిందే ఆ లెక్క.

పైగా కారిడార్ హెచ్‌ఎండీఏది, మెట్రో ఇంకో సంస్థది. భూమి రక్షణ శాఖది, కంటోన్మెంట్ బోర్డు వేరు. నీళ్ల పైపులు వాటర్ బోర్డువి, కరెంట్ లైన్లు డిస్కంవి, ట్రాఫిక్ పోలీసులది. రోడ్డు మాత్రం ఒక్కటే! ముందు ఫ్లైఓవర్ పిల్లర్లు వేసి, తర్వాత మెట్రో పిల్లర్లకు చోటు లేదంటే? నాగ్‌పూర్‌లో వార్ధా రోడ్డు మీద మూడు కిలోమీటర్లకు పైగా ఒకే పిల్లర్ల మీద కింద ఫ్లైఓవర్, పైన మెట్రో కట్టారు. హైవే సంస్థ, మెట్రో సంస్థ డిజైన్ టైమ్‌లోనే చేతులు కలిపాయి కాబట్టే అది సాధ్యమైంది. పిల్లర్ లేచాక కలుద్దాం అంటే కుదరదు.

మనం అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

1. ఈ రోడ్డు మీద అన్ని శాఖలనూ కూర్చోబెట్టి నిర్ణయం తీసుకునే ఒక్క అధికారి ఎవరు? ఆ మనిషి మధ్యలో బదిలీ అవుతారా, పని అయ్యేదాకా ఉంటారా?

2. కేంద్రం, రాష్ట్రం వాటాలు ముందే ఖాతాలో వేస్తారా? లేక ఎంఎంటీఎస్‌లా "మీరు ఇవ్వలేదు" అని పదేళ్లు మాట్లాడుకుంటారా?

3. పని ఆగితే వాడుకోగలిగిన మొదటి ముక్క ఏది? జేబీఎస్ నుంచి తిరుమలగిరి వరకైనా ముందు తెరవగలిగేలా ప్లాన్ ఉందా?

4. కట్టిన తర్వాత నడిపే ఖర్చు, సర్వీసుల సంఖ్య ప్లాన్‌లో ఉన్నాయా? లేక లైన్ ఉండి రైళ్లు లేని కథ మళ్లీ చూస్తామా?

లీడర్ అంటే శంకుస్థాపన రోజు స్టేజీ మీద కనిపించే మనిషి ఒక్కరే కాదు. బ్లాక్ దొరికిన రాత్రి క్రేన్ వచ్చిందో లేదో చూసుకునే సైట్ ఇంజినీర్ కూడా లీడరే. ఆ ఇంజినీర్ "సార్, ఈ ప్లాన్ ఇక్కడ కుదరదు" అని చెబితే పైవాళ్లు వినే పరిస్థితి ఉందా లేదా.. టీమ్ పనితీరు అక్కడే తేలిపోతుంది. చెప్పేవాడికి భయం ఉంటే, కుదరదన్న సంగతి కాంక్రీట్ పోశాక బయటపడుతుంది.

2023 ఆగస్టులో కేంద్ర కేబినెట్ మేడ్చల్ నుంచి ముద్ఖేడ్ వరకు డబ్లింగ్‌కు కూడా ఆమోదం తెలిపింది. అంటే రేపు ఈ లైన్ మీద రైళ్లు ఇంకా పెరుగుతాయి. బొల్లారం ఒకవైపు రైలు, మరోవైపు ఫ్లైఓవర్, మెట్రో ప్లాన్ల మధ్య నిలబడింది. ఎంఎంటీఎస్‌కు పట్టిన పదేళ్లలో ఈ చుట్టుపక్కల ఎంతమంది బండి కొనుక్కుని అదే ట్రాఫిక్‌లో కలిసిపోయారో ఎవరూ లెక్కపెట్టలేదు. ఈసారి కూడా ఆలస్యమైతే ఆ బిల్లు కట్టేది కేంద్రం కాదు, రాష్ట్రం కాదు. పొద్దున్నే లోతుకుంట సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మీరూ నేనూ.